తూర్పున ఇల్లు, పడమట ఆఫీసు: హైదరాబాద్‌లో రోజూ దేనిలో వెళ్లాలి?

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి హైదరాబాద్‌లో ఉద్యోగాలు పడమటికి జరుగుతూనే ఉన్నాయి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, ఇప్పుడు కోకాపేట. ఇళ్లు మాత్రం నలుదిక్కులా ఉన్నాయి. ఉప్పల్, నాగోల్, ఎల్బీనగర్, మల్కాజిగిరి, కొంపల్లిలో సొంతిల్లు ఉన్నవాళ్లు, అమ్మానాన్నలతో ఉంటున్నవాళ్లు, అద్దె తక్కువని అక్కడే సర్దుకున్నవాళ్లు అందరూ పొద్దున ఒకే దిక్కుకు బయల్దేరతారు, సాయంత్రం ఒకేసారి వెనక్కి మళ్లుతారు. ఎన్ని ఫ్లైఓవర్లు కట్టినా రద్దీ ఈ సిగ్నల్ నుంచి ఆ సిగ్నల్‌కు మారుతోంది తప్ప తగ్గడం లేదంటే అందుకే.

రోజూ ఆ దారిన పడి వెళ్లేవాళ్ల కోసం, చేతిలో కొత్త ఆఫర్ లెటర్ పెట్టుకుని ‘ఇంత దూరం రోజూ తిరగగలనా’ అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఈ పోలిక.

## ముందు దేన్ని చూసి కొలవాలి

చాలామంది రెండే అడుగుతారు: ఎంతసేపు, ఎంత ఖర్చు. ఆ రెండూ అవసరమే కానీ చాలవు.

చెడ్డ రోజు ఎంతసేపు పడుతుంది? సగటు సమయాన్ని పక్కన పెట్టండి. ఆదివారం పొద్దున మ్యాప్ చూసి ‘గంటలోపే’ అనుకుంటే సోమవారమే తెలిసొస్తుంది. రోజూ గంటా పదిహేను నిమిషాలు పట్టే ప్రయాణానికి మనిషి అలవాటు పడతాడు. ఒకరోజు యాభై నిమిషాలు, ఒకరోజు రెండు గంటలు పట్టేదానికి ఎప్పటికీ అలవాటు పడడు. తొమ్మిదిన్నర మీటింగ్ ఉందంటే రెండు గంటల లెక్కతోనే ఇంట్లోంచి బయటపడాలి. అంటే ఆ ప్రయాణం నిజమైన ధర రెండు గంటలే.

రెండు చివరలు. ఇంటి నుంచి స్టేషన్‌కు, స్టేషన్ నుంచి ఆఫీసు గేటుకు. హైదరాబాద్‌లో అసలు కంటే కొసరే ఎక్కువయ్యేది ఇక్కడే. మధ్యలో ముప్పై కిలోమీటర్లు హాయిగా గడిచి, చివరి నాలుగు కిలోమీటర్లకు నలభై నిమిషాలు పట్టడం ఈ ఊళ్లో వింతేమీ కాదు. నన్నడిగితే అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. మధ్య దారిని బట్టి కాదు, చివరలను బట్టి ఎంచుకోండి.

వాన. జూన్ నుంచి అక్టోబరు దాకా ఎప్పుడైనా గంట వాన చాలు, ఐటీ కారిడార్ మొత్తం ఆగిపోవడానికి. మీరు ఎంచుకున్నది ఆ రోజు కూడా పనికొస్తుందా?

తిరుగు ప్రయాణం. పొద్దున ఎలాగైనా చేరతాం. రాత్రి తొమ్మిదిన్నరకు కాల్ ముగిస్తే ఇంటికెలా అన్నదే ప్రశ్న.

ఒంట్లో మిగిలే ఓపిక. కూర్చుని వెళ్లే గంటన్నర, నిలబడి వెళ్లే గంటన్నర, క్లచ్ తొక్కుతూ వెళ్లే గంటన్నర ఒకటి కావు. ముప్పై దాటాక ఈ తేడా నడుముకు తెలుస్తుంది.

## ఒక్క చూపులో

నాగోల్, ఎల్బీనగర్ వైపు నుంచి హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు వెళ్లేవాళ్లను దృష్టిలో పెట్టుకుని వేసిన పట్టిక ఇది.

| మార్గం | చెడ్డ రోజు | చివరల ఇబ్బంది | ఖర్చు | వాన వస్తే | రాత్రి ఆలస్యమైతే |
|---|---|---|---|---|---|
| మెట్రో | పెద్దగా మారదు | ఎక్కువ | మధ్యస్థం | రైలుకు ఇబ్బంది లేదు, ఆటో దొరకదు | పదకొండు దాటితే కష్టం |
| ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) | చెప్పలేం | చాలా ఎక్కువ | అతి తక్కువ | ఆలస్యాలు | నమ్ముకోవద్దు |
| ఆర్టీసీ బస్సు | బాగా పెరుగుతుంది | తక్కువ | తక్కువ. తెలంగాణ మహిళలకు ఉచితం | ఇరుక్కుంటుంది, తడవరు | తగ్గిపోతాయి |
| బైకు, స్కూటర్ | కొంత పెరుగుతుంది | లేదు | మధ్యస్థం | చాలా కష్టం | మీ ఇష్టం |
| సొంత కారు | బాగా పెరుగుతుంది | పార్కింగ్ ఒక్కటే | ఎక్కువ | ఇరుక్కుంటుంది | మీ ఇష్టం |
| కంపెనీ క్యాబ్ | బాగా పెరుగుతుంది | లేదు | కంపెనీ విధానాన్ని బట్టి | ఇరుక్కుంటుంది | అన్నిటికంటే మేలు |

## మెట్రో: మధ్యలో రాజా, చివర్లో బంటు

2017 నవంబరులో మియాపూర్–నాగోల్ మధ్య మొదలై, 2020 ఫిబ్రవరికి మూడు లైన్లు, 57 స్టేషన్లు, సుమారు 69 కిలోమీటర్లకు చేరింది. పడమటికి వెళ్లేవాళ్లకు పనికొచ్చేది నాగోల్–రాయదుర్గం బ్లూ లైన్. ఈ చివర నుంచి ఆ చివరకు గంట లోపే. బయట పంజాగుట్ట దగ్గర ఏం జరుగుతున్నా ఆ గంట గంటగానే ఉంటుంది. ‘చెడ్డ రోజు’ పరీక్షలో దీనికి సాటి వచ్చేది మరొకటి లేదు.

ఇబ్బంది రాయదుర్గంలో దిగాక మొదలవుతుంది. లైను అక్కడితో ఆగిపోయింది. బయోడైవర్సిటీ జంక్షన్, గచ్చిబౌలి, విప్రో సర్కిల్, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అన్నీ దానికి అవతలే. రాయదుర్గం నుంచి కోకాపేట నియోపొలిస్ దాకా పొడిగింపు రెండో దశ ప్రతిపాదనల్లో ఉంది. ఆ ప్రతిపాదన 2024 నవంబరులో కేంద్రానికి వెళ్లింది. దాన్ని నమ్ముకుని ఈ ఏడాది ఇల్లు వెతక్కండి. ఇప్పటికైతే దిగాక షేర్ ఆటో, బైక్ టాక్సీ, కంపెనీ షటిల్‌లో ఏదో ఒకటి తప్పదు. కాబట్టి మొదట హెచ్‌ఆర్‌ను అడగాల్సింది ఇదే: రాయదుర్గం స్టేషన్ నుంచి షటిల్ ఉందా, ఎన్ని నిమిషాలకొకటి, సాయంత్రం చివరిది ఎప్పుడు? ఉందంటే మీ సమస్య ముప్పావు వంతు తీరినట్టే.

ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వాళ్లు రెడ్ లైన్ ఎక్కి అమీర్‌పేటలో మారతారు. పొద్దున తొమ్మిది ప్రాంతంలో అమీర్‌పేట మెట్లు, ఎస్కలేటర్లు ఎలా ఉంటాయో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కిందా పైనా నడిచి బ్లూ లైన్ ప్లాట్‌ఫారానికి చేరేసరికి నాగోల్ నుంచి నిండుగా వచ్చిన రైలు కనిపిస్తుంది. మూడే పెట్టెలు, సీటు మాట మరిచిపోవచ్చు. ఎల్బీనగర్ దగ్గర ఉండేవాళ్లు దానికి బదులు బండి మీదో బస్సులోనో నాగోల్ వెళ్లి, బయల్దేరే స్టేషన్లోనే ఎక్కి కూర్చోవడం మేలు. మారే పని ఉండదు, రాయదుర్గం దాకా కునుకు తీయవచ్చు. సాయంత్రం కూడా అంతే. ఆఫీసు హైటెక్ సిటీ, రాయదుర్గం స్టేషన్లకు మధ్యలో ఉంటే రాయదుర్గం వైపు నడవండి. పది నిమిషాల నడకకు గంట కూర్చునే సుఖం.

ఖర్చు: 2025 మేలో ఛార్జీలు పెంచి, ఆ వెంటనే పది శాతం తగ్గించాక గరిష్ఠ ఛార్జీ 69 రూపాయలు. రానూపోనూ 22 రోజులకు 3,036. దీనికి షేర్ ఆటో, స్టేషన్లో బండి పార్కింగ్ కలపండి. మెట్రో చవక అనుకునేవాళ్లు ఈ కలపడం దగ్గరే పొరబడతారు.

ఒక చిత్రం: ఆఫీసుకు అందరికంటే దగ్గరగా ఉన్న కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ వాళ్లకు మెట్రో దాదాపు దండగ. హైటెక్ సిటీ పక్కనే ఉన్నట్టుంటుంది, కానీ రెడ్ లైన్‌లో అమీర్‌పేట దాకా తూర్పుకు వెళ్లి, మళ్లీ బ్లూ లైన్‌లో పడమటికి రావాలి.

## ఎంఎంటీఎస్: టైమ్‌టేబుల్ కుదిరినవాళ్ల అదృష్టం

2003 నుంచి నడుస్తున్న లోకల్ రైలు. టికెట్ 5 రూపాయలతో మొదలవుతుంది. ఇంత చవకగా సికింద్రాబాద్ నుంచి లింగంపల్లి చేర్చేది ఇంకేదీ లేదు. కానీ రైళ్లు తక్కువ, దూరప్రాంత రైళ్లతో పట్టాలు పంచుకోవాలి, వాటికి దారివ్వాల్సి వస్తే బేగంపేటలోనో సనత్‌నగర్‌లోనో ఆగిపోతుంది. హైటెక్ సిటీ పేరుతో స్టేషన్ ఉంది కానీ దిగి సైబర్ టవర్స్‌కు నడిచిపోదామంటే కుదరదు. ఇల్లు స్టేషన్‌కు నడిచే దూరంలో, ఆఫీసు లింగంపల్లి, హఫీజ్‌పేట వైపు, లాగిన్ సమయంలో కాస్త వెసులుబాటు ఉంటే తప్ప దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

## ఆర్టీసీ బస్సు

ఇక్కడ ఆడవాళ్ల లెక్క వేరు, మగవాళ్ల లెక్క వేరు. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో తెలంగాణ మహిళలకు ఛార్జీ లేదు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. డీలక్స్‌లలో వర్తించదు. నెలనెలా టికెట్ల డబ్బు మిగలడం చిన్న విషయం కాదు. అదే సమయంలో పొద్దున, సాయంత్రం రద్దీ పెరిగిందన్నదీ నిజమే.

బస్సు గొప్పతనం చివరల్లో ఉంది. కోఠి నుంచి 127కె, సికింద్రాబాద్ నుంచి 10హెచ్ ఎక్కితే కొండాపూర్ దాకా మారక్కర్లేదు. మెట్రో వెళ్లని సందుల్లోకీ వెళుతుంది. దాని శాపం మధ్య దారిలో ఉంది: కార్లు ఆగిన చోటే అదీ ఆగుతుంది, పైగా ప్రతి స్టాపులోనూ ఆగుతుంది. పది, పన్నెండు కిలోమీటర్ల లోపు ప్రయాణానికి, అంటే మెహదీపట్నం, టోలిచౌకి, కూకట్‌పల్లి, మియాపూర్ నుంచి వెళ్లేవాళ్లకు బస్సు మంచి ఎంపిక. ఉప్పల్ నుంచి మొత్తం దారి బస్సులోనే అంటే మాత్రం ఓపికకు పరీక్ష. ఆ దూరానికి బస్సును మెట్రోకు తోడుగా వాడుకోండి. స్టేషన్ దాకా బస్సు, అక్కడి నుంచి రైలు.

ఐటీ కారిడార్‌లో పనిచేసే ఆడవాళ్లకు ఇంకో సంగతి: సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ ‘షీ షటిల్’ పేరిట మహిళలకు మాత్రమే ఉచిత బస్సులు నడుపుతోంది. మీ దారిలో ఉందో లేదో ఒకసారి కనుక్కోండి, చాలామందికి తెలియదు.

## బండి

హైదరాబాద్ ఉద్యోగికి బండి మీద ఉన్న మోజుకు కారణం సులువుగా అర్థమవుతుంది. ఇంటి గుమ్మంలో ఎక్కి ఆఫీసు సెల్లార్‌లో దిగొచ్చు, మధ్యలో ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు. కారు గంటన్నర నిలబడ్డ చోట బండి గంటలో బయటపడుతుంది.

ఖర్చులో మాత్రం అనుకున్నంత మిగలదు. రోజుకు రానూపోనూ 60 కిలోమీటర్లు, 22 రోజులు, లీటరుకు 45 కిలోమీటర్ల మైలేజీ, పెట్రోలు లీటరు 107 రూపాయలనుకుంటే నెలకు దాదాపు 3,150. మెట్రో టికెట్లకూ దీనికీ పెద్ద తేడా లేదు, సర్వీసింగు, టైర్లు ఇంకా కలపనే లేదు. ఎలక్ట్రిక్ స్కూటర్ అయితే లెక్క మారుతుంది. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 చివరి దాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించారు. కొనేముందు షోరూం కంటే ముందు అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో మాట్లాడండి. సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింటుకు ఒప్పుకోని చోట స్కూటర్ కొని, బ్యాటరీ మూడో అంతస్తుకు మోసేవాళ్లున్నారు.

వాన సంగతి సూటిగా చెబుతాను. వర్షాకాలంలో బండి మీద వెళ్లడమంటే తడవడం ఒక్కటే కాదు. నీళ్లు నిలిచిన రోడ్డు మీద గుంత ఎక్కడుందో కనపడదు, ఫ్లైఓవర్ కిందంతా ఆగిన బండ్లతో దారి మూసుకుపోతుంది. అలాంటి సాయంత్రాలకు రెండో దారి ముందే ఆలోచించి పెట్టుకోండి: బండి ఆఫీసులోనే వదిలేసి మెట్రోలో ఇంటికి వెళ్లిపోవడం. చాలామందికి ఇది తోచదు, తోచినా మనసొప్పదు.

ఒక వైపు పదిహేను కిలోమీటర్ల లోపు అయితే బండి, అది దాటితే బండి ప్లస్ మెట్రో. నా గీత అక్కడ.

## కారు, ఔటర్ రింగ్ రోడ్డు

ముందు ఒక లెక్క. అదే 60 కిలోమీటర్లు, ట్రాఫిక్‌లో లీటరుకు 12 కిలోమీటర్లు వస్తే నెలకు పెట్రోలు ఒక్కటే 11,800 రూపాయల దరిదాపు. ఒక్కరే కూర్చుని వెళ్లడానికి ఇది చాలా ఎక్కువ. అందులో ఏసీ ఉంటుంది, పాటలు ఉంటాయి, కానీ చేతులూ కాళ్లూ ఖాళీగా ఉండవు.

158 కిలోమీటర్ల ఔటర్ అందరికీ ఆశ పుట్టిస్తుంది. ఎల్బీనగర్ వాళ్లు ఊరు చుట్టి శంషాబాద్ మీదుగా గచ్చిబౌలి చేరితే దూరం దాదాపు రెట్టింపు. పెట్రోలు, టోలు రెండూ పెరుగుతాయి, సమయం మాత్రం నిలకడగా ఉంటుంది. వారానికి ఒకటి రెండు రోజులు ఆఫీసుకు వెళ్లేవాళ్లకు అది మంచి బేరమే కావచ్చు, రోజూ వెళ్లేవాళ్లకు కాదు. మేడ్చల్, కండ్లకోయ, దుండిగల్ వైపు ఉండేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు మెట్రో లేదు, ఊళ్లోంచి వెళితే బోయిన్‌పల్లి, బాలానగర్, కూకట్‌పల్లి దాటాలి. వాళ్లకు ఔటరే నిజమైన దారి. ఔటర్ ప్రధాన రోడ్డు మీదకు ద్విచక్ర వాహనాలను రానివ్వరు, సర్వీసు రోడ్డు మీదే వెళ్లాలి.

కారు తప్పదంటే ఇద్దరు ముగ్గురిని కలుపుకోండి. అదే అపార్ట్‌మెంట్‌లో, అదే కాలనీలో ఉన్న సహోద్యోగులైతే మరీ మంచిది. పూలింగ్ చెడిపోయేది డబ్బు దగ్గర కాదు, సాయంత్రం దగ్గర. ఒకరు ఆరింటికి రెడీ, ఇంకొకరి కాల్ ఏడున్నర దాకా. పొద్దున మాత్రం కలిసి వెళ్లి, సాయంత్రం ఎవరి దారి వాళ్లు చూసుకుందామని ముందే అనుకుంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

## కంపెనీ క్యాబ్

రాత్రి షిఫ్టులకు ఇదే సరైనది. రాత్రి పనిచేసే మహిళలకు రవాణా ఏర్పాటు కంపెనీ బాధ్యత కూడా, మొహమాటపడక్కర్లేదు. పగటి షిఫ్టులో మాత్రం రూటింగ్ చూడండి. నలుగురిని ఎక్కించుకుని వెళ్లే క్యాబ్‌లో మొదట ఎక్కి చివర దిగే మనిషి మీరైతే, మీ ప్రయాణం కారుకంటే అరగంట ఎక్కువ. అయినా నిద్రపోవచ్చు కదా అంటారా, ఒప్పుకుంటాను.

## సమయం మార్చుకోవడం

దీన్ని ఎవరూ పట్టికలో వేయరు, కానీ ఎవరికైనా డబ్బు ఖర్చు లేని ఎంపిక ఇదొక్కటే. ఏడింటికి ఇంట్లోంచి కదిలేవాడికీ, ఎనిమిదిన్నరకు కదిలేవాడికీ కనిపించేవి రెండు వేర్వేరు ఊళ్లు. 2023 జులైలో భారీ వర్షాలప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలను విడతలుగా, మూడింటి నుంచి ఆరింటి దాకా, ప్రాంతాలవారీగా లాగౌట్ చేయమని కోరారు. రోడ్డు అదే అయినా బయల్దేరే సమయాన్ని విడగొడితే ఊపిరాడుతుందని వాళ్లకు తెలుసు. మేనేజర్‌ను ‘రోజూ ఇంటి నుంచి పని చేస్తాను’ అని అడిగితే కాదంటారు. ‘ఎనిమిదికి వచ్చి నాలుగున్నరకు వెళ్లి, ఆఖరి కాల్ ఇంటి నుంచి తీసుకుంటాను’ అని అడిగి చూడండి. ఒప్పుకునే అవకాశం ఎక్కువ. పిల్లల్ని బడికి పంపాల్సినవాళ్లకు ఇది కుదరదు, అది వేరే సంగతి.

## ఇల్లు మారడం

అద్దె తేడాను ప్రయాణం ఖర్చుతో పోల్చి ‘లాభం లేదు’ అని వదిలేస్తారు చాలామంది. రోజుకు మిగిలే రెండు గంటలను నెలకు నలభై నాలుగు గంటలుగా లెక్కగట్టి, ఆ గంటలకు మీరెంత ఇస్తారో మీరే చెప్పుకోండి. ఒంటరిగా ఉండేవాళ్లకు, కొత్తగా పెళ్లయి ఇద్దరూ పడమట పనిచేసేవాళ్లకు సందేహం అక్కర్లేదు, మారిపోండి. అత్తమామలో, అమ్మానాన్నలో పిల్లల్ని చూసుకుంటున్న ఇల్లయితే ఆ సాయం విలువ ఏ అద్దె లెక్కలోనూ రాదు. అక్కడ కదలకపోవడమే తెలివి.

రెండిటికీ మధ్య దారి ఒకటుంది. కొండాపూర్ దాకా వెళ్లక్కర్లేదు, బ్లూ లైన్ వెంట హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడలాంటి చోట్ల స్టేషన్‌కు నడిచే దూరంలో ఇల్లు చూసుకోవడం. పిల్లల బడి, బంధువులు, తెలిసిన డాక్టరు అన్నీ చేతికందే దూరంలోనే ఉంటాయి, ఒక చివర సమస్య పూర్తిగా పోతుంది. ఆఫీసు దగ్గరని అప్పు చేసి ఫ్లాట్ కొనడం మాత్రం వద్దంటాను. ఈ రంగంలో ఆఫీసు మారినంత సులువుగా ఈఎంఐ మారదు.

## మీరెక్కడుంటారు?

నాగోల్, ఉప్పల్: మెట్రో, ఇంకో మాట లేదు. రాయదుర్గం అవతల షటిల్ సంగతి తేల్చుకోండి.

ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్: ఎల్బీనగర్ అయితే నాగోల్‌కు వెళ్లి ఎక్కండి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అది వెనక్కి నడవడమే, అమీర్‌పేటలో మారడం తప్పదు. ఎనిమిదికి ముందు మారితే భరించదగ్గదే.

సికింద్రాబాద్, మల్కాజిగిరి: సికింద్రాబాద్ ఈస్ట్ లేదా మెట్టుగూడ దాకా బస్సు, బండి, అక్కడి నుంచి బ్లూ లైన్. ఆఫీసు లింగంపల్లి వైపైతే ఎంఎంటీఎస్ టైమ్‌టేబుల్ చూడండి.

కొంపల్లి, మేడ్చల్: అన్నిటికంటే కష్టం మీకే. పూలింగ్‌తో ఔటర్, లేదా వారానికి రెండు మూడు రోజులే ఆఫీసు, మిగతావి ఇంటి నుంచి పనిచేసే హైబ్రిడ్. ఐదు రోజులూ రమ్మంటే ఇల్లు మారడం గురించి ఆలోచించండి.

కూకట్‌పల్లి, మియాపూర్: బండి లేదా బస్సు. 2022 జూన్‌లో తెరిచిన కైత్లాపూర్ వంతెనతో హైటెక్ సిటీకి ఇంకో దారి దొరికింది, జేఎన్‌టీయూ జంక్షన్ మీదుగా వెళ్లే అలవాటున్నవాళ్లు దాన్నీ ప్రయత్నించండి.

అత్తాపూర్, ఆరాంఘర్, పాతబస్తీ: కారైతే అప్పా జంక్షన్ దగ్గర ఔటర్ ఎక్కడం, బండైతే టోలిచౌకి, షేక్‌పేట ఫ్లైఓవర్. రెండూ చూసి మీ సమయానికి ఏది నిలకడగా ఉందో తేల్చుకోండి.

ఏది ఎంచుకున్నా ముందు పరీక్షించి చూడాల్సింది వారం మధ్యలో. హైబ్రిడ్ పద్ధతి వచ్చాక చాలా ఆఫీసులు మంగళ, బుధ, గురువారాలకే జనాన్ని పిలుస్తున్నాయి, శుక్రవారం ఖాళీ రోడ్డు చూసి నిర్ణయించుకోవద్దు. అద్దె ఇల్లు చూస్తుంటే, ఆ ఇంటి గుమ్మం నుంచి బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసు గేటు దాకా ఒకసారి వెళ్లి చూశాకే అడ్వాన్స్ చేతిలో పెట్టండి.